కోఎంజైమ్ క్యూ10: రెండేళ్లకు పైగా వాడాక

కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ రకం మందు మొదలుపెట్టిన కొన్నాళ్లకే నాకు పిక్కలు, తొడలు బరువెక్కడం మొదలైంది. మాది విజయవాడ సత్యనారాయణపురం. పొద్దున్నే బీఆర్‌టీఎస్ రోడ్డు మీద నడవడం అలవాటు. అలాంటిది సగం దూరం వెళ్లేసరికి ఎక్కడైనా కూలబడదామా అనిపించేది. డాక్టరు గారు ముందు సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి, బి12 పరీక్షలు చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. స్టాటిన్ డోసు మార్చకుండా, రోజుకి 100 మిల్లీగ్రాముల కోఎంజైమ్ క్యూ10 వేసి చూద్దాం అన్నారు.

మనం తిన్న తిండి నుంచి ఏటీపీ అనే, శక్తినిచ్చే పదార్థం ఎక్కువగా తయారయ్యేది కణంలోని మైటోకాండ్రియాలో. అక్కడ పొరలో వరసగా ఉండే ప్రొటీన్ల మధ్య ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే పని ఈ క్యూ10ది. ఆ మోతలో విడుదలయ్యే శక్తితో ప్రోటాన్లు పొరకి ఒకవైపు పోగుపడతాయి. సాగర్ డ్యాములో నిలిపిన నీళ్లు దిగుతూ టర్బైన్ తిప్పినట్టు, అవి వెనక్కి వస్తూ ఏటీపీని పుట్టిస్తాయి. గుండెకి, కండరాలకి ఈ పని క్షణం ఆగకూడదు. 1957లో ఫ్రెడరిక్ క్రేన్ దీన్ని మొదట వేరుచేసింది కూడా పశువు గుండె కణజాలం నుంచే. విటమిన్‌లా పనిచేసినా దీన్ని విటమిన్ అనరు, మన ఒళ్లే తయారుచేసుకుంటుంది కాబట్టి. అయితే కొలెస్ట్రాల్, క్యూ10 రెండూ తయారయ్యే దారి మొదట్లో ఒకటే. స్టాటిన్ అడ్డుపడేది సరిగ్గా అక్కడే. అందుకే అది వాడేవాళ్ల రక్తంలో క్యూ10 కూడా తగ్గుతుంది.

మొదటి వారాల్లో నాకు ఏ తేడా తెలియలేదు. ఇది వేసుకోగానే హుషారు తెచ్చే మందు కాదు. రెండో నెల దాటాక పొద్దున లేచేటప్పుడు పిక్కల్లో పట్టేయడం తగ్గింది, తర్వాత నడక పూర్తిగా సాగింది. మధ్యలో ఒకసారి షాపుల్లో సరుకు దొరక్క కొన్ని వారాలు ఆగిపోతే, తొడల్లో ఆ బరువు మెల్లగా మళ్లీ వచ్చింది. నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

అలాగని అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. స్టాటిన్ నొప్పుల మీద జరిగిన పరీక్షల్లో కొన్నిట్లో గుణం కనిపించింది, కొన్నిట్లో ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా లేదు. గుండె బలహీనపడినవాళ్ల విషయంలో 2014లో వెలువడిన క్యూ-సింబయో పరీక్ష మాత్రం ఆశ పెంచింది. 420 మందిని తీసుకుని, దాదాపు సగం మందికి రోజుకి 300 మిల్లీగ్రాముల చొప్పున క్యూ10 రెండేళ్లు ఇచ్చారు. వాళ్లలో గుండెకి సంబంధించిన పెద్ద ప్రమాదాలు తగ్గాయి. వాళ్లంతా మామూలు గుండె మందులు మానకుండానే ఇది వేసుకున్నారు, అది మర్చిపోకూడదు.

ఇది కొవ్వులో కరిగేది. నేను మధ్యాహ్నం పప్పులో నెయ్యి వేసుకుని తిన్న అన్నం మీదే వేసుకుంటాను. ఖాళీ కడుపుతో వేసుకుంటే నాకు వికారంగా ఉంటుంది. కొందరికి రాత్రి వేసుకుంటే నిద్ర సరిగ్గా పట్టదు. లోపల నారింజ రంగు నూనె ముద్దలా ఉంటుంది. మన మే నెల ఎండకి క్యాప్సూల్ మెత్తబడి స్ట్రిప్పుకి అంటుకుపోతుంది, గట్టిగా నొక్కితే పగిలి వేళ్లన్నీ పసుపే. అందుకే స్ట్రిప్పులు వంటింట్లో కాకుండా చల్లటి గదిలో పెడతాను.

కొనేటప్పుడు ముందువైపు పెద్ద అక్షరాలు చూసి మోసపోవద్దు. కార్నిటైన్, లైకోపీన్, ఒమేగా-3 అంటూ పది కలిపి, అసలు క్యూ10 కాస్తే వేసేవి చాలా ఉన్నాయి. వెనక క్యూ10 ఎన్ని మిల్లీగ్రాములో చదవండి. ఒక మందుల షాపులో "బలానికమ్మా, ఇంట్లో అందరూ వేసుకోవచ్చు" అన్నారు. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. ఈ రకం డబ్బాల మీద చికిత్సకు కాదని రాసే ఉంటుంది. నొప్పులున్నాయని ఎవరికి వాళ్లు స్టాటిన్ మానేసి ఇది పట్టుకోవడం మరీ ప్రమాదం.

ధర మాత్రం భారమే, నెలనెలా కొనాలంటే ఆలోచించాల్సిందే. మా తోడికోడలు నా నడక చూసి తనకీ తెప్పించమంది. ఆమెకి గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. క్యూ10 వల్ల వార్ఫరిన్ పని తగ్గే అవకాశం ఉంది. అందుకే నేను తెప్పించలేదు, ముందు డాక్టరుని అడిగి రమ్మన్నాను.