జపానన్నతో గట్టెక్కిన వారం

మా తమ్ముడు యోకొహామాలో పనిచేసినప్పుడు అక్కడ అతని సీనియర్ ఒక జపానాయన. రిటైరయ్యాక సొంతూరు నగానో వెళ్ళిపోయాడు. జపాన్‌లో అది కొండల నడుమ ప్రాంతం, సముద్రం తగలదు. 2025 ఫిబ్రవరిలో వారం రోజులు మీ ఊళ్ళో ఉంటానని మెయిల్ పెట్టాడు. మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఇంగ్లీషు ఆయనకు కొంచెం, నాకు కొంచెం, మిగతాది ఫోన్‌లో అనువాదం యాప్ చూసుకుంది. మా అమ్మకు ఆ యాప్ కూడా అక్కర్లేకపోయింది. మొదటి రోజే "జపానన్న" అని పేరు పెట్టి తెలుగులోనే మాట్లాడేసింది.

ప్లాన్ అంతా నేనే గీశాను. నాగార్జునసాగర్, అక్కడి బౌద్ధ పార్కు బుద్ధవనం, పానగల్లు, ఆలంపూర్. జపాన్ మనిషి కదా, బుద్ధుణ్ణి చూపిస్తే చాలనుకున్నాను. అదే వారంలో సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర పడుతోందని తెలిసీ చెప్పలేదు. మేకలు కోసే చోటికి పరాయి దేశపాయనను ఏం తీసుకెళ్తామని.

మొదటి పొద్దునే నా ప్లాన్ తప్పింది. చాయ్ తాగొద్దామని బయల్దేరితే ఊరి నడిమధ్య బొడ్రాయి దగ్గర ఆగిపోయాడు. ఇదెవరు అన్నాడు. ఊరి బొడ్డు అని చెప్పాను. వెంటనే ఫోన్ తీసి వాళ్ళ ఊరి పొలిమేరలో రాయి ఫోటో చూపించాడు. దాని మీద ఆలుమగలు చెయ్యి పట్టుకుని నిలబడ్డట్టు చెక్కి ఉంది. దోసోజిన్ అంటారట. ఊళ్ళోకి రోగాలు, చెడు రాకుండా కాపలా. అక్కడి నుంచి చెరువు కట్ట మీది కట్ట మైసమ్మ దగ్గరికి పోతే గంటసేపు కదల్లేదు. పసుపు పూసిన రాయి, ఎండిన నిమ్మకాయలు, పగిలిన గాజులు, ఒక కోడి ఈక. పూజారి ఎవరు అన్నాడు. ఎవరూ లేరు. మరి పూజ ఎవరు చేస్తారు? ఎవరికి మొక్కు ఉంటే వాళ్ళు. ఏ రోజు? నాకు తెలియదు. ఇంటికొచ్చి అమ్మనడిగితే "ఇన్నేండ్లొచ్చినయ్, గది కూడ తెల్వదా బిడ్డా" అని నాకే పడింది.

బస గురించి ఒక మాట. విదేశీయులు ఎక్కడ దిగినా, అది మన ఇల్లైనా సరే, 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాల ఫారం నింపాలి, అప్పట్లో దాన్ని ఫారం సి అనేవాళ్ళు. చాలామందికి ఇది తెలియదు. నేను మా ఇంటి పేరున నింపాను, పెద్ద కష్టమేం లేదు, పాస్‌పోర్టు, వీసా ఫోటోలు దగ్గరుంటే చాలు. జాతర రాత్రికి సూర్యాపేటలో గది తీసుకుందామని ఒక లాడ్జికి పోతే అక్కడి కుర్రాడు పాస్‌పోర్టు చూడగానే "ఫారినోళ్ళకు ఇయ్యం సార్, పోలీసోళ్ళతోని టెన్షన్" అన్నాడు. ఖాళీలున్నాయి, డబ్బు సమస్య కాదు, ఆ ఫారం ఎలా నింపాలో వాళ్ళకు తెలియదంతే. ఇంకోచోటా అదే మాట. ఇలా వచ్చేవాళ్ళుంటే ముందే ఫోన్ చేసి అడగండి. మహబూబ్‌నగర్‌లో మాత్రం బస్టాండ్ దగ్గరి చిన్న లాడ్జిలో కౌంటర్ మీది పిల్లాడు పది నిమిషాల్లో నింపేశాడు. వేడినీళ్ళు బకెట్లో తెచ్చిచ్చారు, దుప్పట్లు ఉతికినవే.

జాతర సంగతి నేను దాచినా అమ్మ దాచలేదు. ఆదివారం, అంటే 16న, మొదలైంది. మేం సోమవారం పోయాం. హైదరాబాద్–విజయవాడ హైవేకు ఆనుకునే గట్టు కాబట్టి ఆ ఐదు రోజులు బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే నల్లగొండ మీదుగా మళ్ళిస్తారు. కారు వద్దు, సూర్యాపేట నుంచి ఆర్టీసీ స్పెషల్ బస్సులున్నాయి, అదే నయం. రెండేళ్ళకోసారి జరుగుతుంది, మన రాష్ట్రంలో మేడారం తర్వాత పెద్ద జాతర ఇదే. లింగమంతుల స్వామి, చౌడమ్మ. యాదవుల దేవుళ్ళు. కేసారం నుంచి దేవరపెట్టె, అంటే దేవుళ్ళ విగ్రహాలుండే పెట్టె, రావాలి, అప్పుడే జాతర.

ఎక్కేటప్పుడు మా ముందు నడిచే ఆడవాళ్ళ నెత్తిన గంపలు, మగవాళ్ళకు గజ్జెల లాగులు, అడుగేస్తే గలగల. భేరీ మోత ఛాతీలో తగులుతుంది. "ఓ లింగా! ఓ లింగా!" అని ఒకరంటే వెనక వందమంది అందుకుంటారు. జపానన్న కూడా మూడో మలుపు దగ్గర అందుకున్నాడు. "ఓ రింగా" అని వచ్చింది. పక్కనున్న పెద్దాయన నవ్వలేదు, ఆయన నుదుట బండారి పసుపు పూశాడు.

నాకు భయం చౌడమ్మ దగ్గర. స్వామికి మాంసం లేదు, నైవేద్యమే, అమ్మకే మేకపోతులు. అటు చూడొద్దన్నట్టు నేను అడ్డంగా నిలబడ్డాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి పక్కకు జరిపాడు. తర్వాత కింద చెట్టు నీడన కూర్చుని చెప్పాడు. నగానోలోనే సువా అనే పెద్ద గుడి ఉందట. అక్కడ వెనకటి రోజుల్లో వసంతంలో 75 జింక తలలు దేవుడి ముందు పెట్టేవాళ్ళు. దేశమంతా మాంసం పాపమన్న కాలంలో ఆ గుడివాళ్ళు మాంసం తినడానికి ఒక చీటీ ఇచ్చేవాళ్ళు, అది దగ్గరుంటే దోషం లేదు. "మీకు చీటీ అక్కర్లేదు, అమ్మవారే ఇచ్చేసింది" అన్నాడు. ఇంకేం మాట్లాడతాను.

గట్టు మీద లోపాలూ ఉన్నాయి. తాగునీళ్ళ దగ్గర తొక్కిసలాట, సాయంత్రానికి మరుగుదొడ్ల వైపు పోలేని పరిస్థితి. ఆయన ఏమీ అనలేదు, తన చెత్త తన సంచిలోనే పెట్టుకుని ఇంటిదాకా తెచ్చాడు. నాకే సిగ్గేసింది. గది దొరకనందుకు రాత్రి రెండింటికి ఇల్లు చేరాం.

పానగల్లు ఎవరికైనా చెప్తాను, తప్పక చూడండి. నల్లగొండను ఆనుకునే ఉంటుంది. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో లింగం వెనక పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. ఏ స్తంభానిదో చూద్దామని ఆయన ఒక్కో స్తంభం ముందు నిలబడి నన్ను లోపల చూడమన్నాడు. ఏ ఒక్కదానిదీ కాదు. స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగుతో ఏర్పడే నీడ అది. ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలం పని.

సాగర్‌లో ఎక్కేవాళ్ళు చాలలేదని నాగార్జునకొండకు లాంచీ కదల్లేదు. రెండు గంటలు కూర్చోబెట్టి ఆ మాట చెప్పారు. కొండ మీది మ్యూజియం కోసం పోయేవాళ్ళు సెలవు రోజుల్లో పోతేనే మేలు, శుక్రవారం మాత్రం మూత. బుద్ధవనం శుభ్రంగా, విశాలంగా ఉంది. ఆయన ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి "ఇది కొత్తది కదా" అన్నాడు. 2022లో తెరిచారు, నిజమే. గేటు బయట మొక్కజొన్న కంకులు కాల్చే ఆమెతో ఇంకా ఎక్కువసేపు కూర్చున్నాడు.

తిండికి ఏ లోటూ లేదు. పచ్చిపులుసు గ్లాసుతో తాగాడు. జొన్నరొట్టె చరిచే చప్పుడు రికార్డు చేసుకున్నాడు. వాళ్ళది చలికొండల ప్రాంతం, వరి సరిగ్గా పండని చోట సోబా అనే గింజల పిండితో నూడుల్స్ చేసుకుంటారట. బోటి కూర, అంటే మేక పేగుల కూర, రెండోసారి వడ్డించుకున్నాడు. తాటికల్లు తాటాకు రేకలో పోస్తే మోచేతి దాకా కార్చుకుని, పులుపు బాగుందన్నాడు. అప్పుడే మాటల్లో వాళ్ళ ఊళ్ళో మిడతలను సోయా సాస్‌లో ఉడికించి అన్నంలో నంజుకుంటారని ఫోటో చూపించాడు. అమ్మ ఫోన్ దూరంగా పట్టుకుని చూసి "మిడ్తలా? అయ్యో, తినెటందుకు ఏం దొర్కలేదా అన్నా" అంది. బోటి కూర గిన్నె చేతిలో పట్టుకునే అంది.

శుక్రవారం జాన్‌పహాడ్ దర్గాకు పోయాం. దారిలో దుకాణాల బోర్డుల మీద సైదులు, సైదమ్మ అని చదివి, వీళ్ళు ముస్లింలా అని అడిగాడు. కారు. మా బడిలో నా క్లాసులోనే ముగ్గురు సైదులు ఉండేవాళ్ళు, ముగ్గురూ హిందువులే. పిల్లలు పుట్టాలని ఈ దర్గాకు మొక్కి, పుడితే ఆ పేరు పెట్టుకుంటారు. కందూరు అనే మొక్కు విందు చేసి బంధువులకు భోజనం పెడతారు. ఒక కుటుంబం మమ్మల్నీ కూర్చోబెట్టింది. ఎవరని కూడా అడగలేదు.

ఆలంపూర్ వదిలేశాం, మహబూబ్‌నగర్ ఒక్కటే చేశాం. పిల్లలమర్రి ఊరి పక్కనే, ఆటోలో పోవచ్చు. ఏడు వందల ఏళ్ళ చెట్టంటారు, ఏది మొదలో ఏది ఊడో తెలియదు. చెద పట్టి కొమ్మలు విరిగితే 2018లో ఆస్పత్రిలో ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఈ సంగతి చెప్తే ఆయన చెట్టుకు రెండు చేతులు జోడించి వంగాడు. కంచె బయటి నుంచే చూడాలి, అది మంచిదే.

అక్కడే బెంచీ మీద కూర్చుని కురుమూర్తి గురించి చెప్పాను. చిన్నచింతకుంట దగ్గర ఏడుకొండల వెంకన్న, దీపావళి తర్వాత జాతర. వడ్డెమాన్‌లో దళితులు స్వామికి తోలు చెప్పులు కుడతారు. ఉద్దాలు అంటారు. ఊరేగింపుగా పోయిన ఆ చెప్పులతోనే భక్తులు నెత్తి మీద, వీపు మీద కొట్టించుకుంటారు. ఆయన లేచి నిలబడ్డాడు. టోక్యో అసకుసా గుడి ద్వారానికి నాలుగున్నర మీటర్ల గడ్డి చెప్పులు వేలాడతాయట, ఇంత పెద్ద చెప్పు వేసుకునేవాడు లోపల ఉన్నాడని దయ్యాలు పారిపోవాలని. కానీ వాటితో ఎవరూ కొట్టించుకోరు.

"నొప్పి పుడుతుందా?" అన్నాడు.

నేనెప్పుడూ కొట్టించుకోలేదు. పాలమూరు ఇంత దగ్గరుండీ ఆ జాతరకు పోలేదు. ఆ మాట చెప్తే, దీపావళి ఎప్పుడో క్యాలెండర్‌లో చూపించమని ఫోన్ చేతికిచ్చాడు. ఇంకోసారి ఆ ఫారం నింపాలి.