కోడింగ్ క్లాసులో పిల్లి బొమ్మా, ఆసు పోయడమా: ఏది మేలు?

పిల్లలకు కోడింగ్ నేర్పే స్క్రాచ్ ప్రోగ్రామ్ తెరవగానే పిల్లి ఎదురొస్తుంది. ‘పది అడుగులు నడువు’ అన్న బ్లాకును ‘పదిసార్లు చెయ్యి’ అన్నదాంట్లో పెడితే నడుస్తుంది. లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం, చెప్పడానికి ఇది సులువు. టీచర్‌కు తయారీ అక్కర్లేదు, ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. కానీ ఆ పిల్లి అన్నిసార్లు ఎందుకు నడవాలో ఎవరికీ పట్టదు.

పోచంపల్లి, పుట్టపాక లాంటి చేనేత ఊళ్ల వైపు బడిలో అదే లూప్‌ను ఆసుతో చెప్పొచ్చు. చీర నేసే ముందు నూలును అర్ధవృత్తంగా ఉన్న మేకుల మీద పోయాలి, అదే ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. అమ్మ పడే భుజాల నొప్పి చూడలేకే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ సంగతి చెప్పి, బోర్డు మీద మేకులు గీసి అడగండి: చెయ్యి ఎక్కడ మొదలవుతుంది? ఏ మేకు తర్వాత ఏది? ఎప్పుడు ఆగాలి? లూప్‌కు కావాల్సిన మూడూ పిల్లల నోటి నుంచే వస్తాయి. మల్లేశం యంత్రానికి నేర్పిన పనినే తామూ కంప్యూటర్‌కు నేర్పుతున్నామని వాళ్లకు అర్థమవుతుంది. నా ఓటు దీనికే.

అలాగని స్థానికత పేరుతో పాఠంలో కేకు బొమ్మ తీసేసి బతుకమ్మ బొమ్మ అతికించడం మాత్రం నాకు నచ్చదు. పైకి పోయేకొద్దీ పూల వరుస చుట్టుకొలత ఎలా తగ్గుతుందో కోడ్‌లో రాయిస్తేనే అది పాఠం.

ఆసుతో ఒక చిక్కుంది. ‘మీ ఇంట్లో నేస్తారుగా, నువ్వు చెప్పు’ అని ఒక్క పిల్లను నలుగురిలో నిలబెట్టకూడదు. కులాన్ని క్లాసులోకి లాగినట్టవుతుంది. చెప్పాలనుకున్నవాళ్లే చెప్పాలి.

మగ్గాలు లేకపోయినా, నల్లగొండ జిల్లా మర్రిగూడ లాంటి చోట నీళ్ల మీద పాఠం చెప్పొచ్చు. అమెరికాలో విద్యా పరిశోధకురాలు గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో పిల్లల సంస్కృతిని ఆధారం చేసుకునే ఈ తరహా బోధన గురించి రాస్తూ, పిల్లలు చదువులో గెలవడంతో పాటు తమ సంస్కృతిని నిలుపుకోవాలని, అన్యాయాన్ని ప్రశ్నించడమూ నేర్వాలని అన్నారు. నల్లగొండ పిల్లలకు ఫ్లోరైడ్ అలాంటి ప్రశ్నే. బోరు నీళ్ల పరీక్ష అంకెలు తెచ్చి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎర్ర రంగు చూపమని షరతు రాయిస్తే ‘ఇఫ్’, అంటే ‘ఇలా అయితే ఇది చెయ్యి’ అన్న కోడ్, దానంతటదే వస్తుంది. మన బోరు ఎర్రగా వస్తే ఎవరికి చెప్పాలి సార్ అని అడుగుతారు. పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా విభాగానికి రాయాల్సిన ఉత్తరం కూడా ఆ పాఠంలో భాగమే.