తూకం బాగుంది, లెక్క తిరగరాయాల్సి వచ్చింది

పాలిస్టైరీన్ ప్లాస్టిక్ ఉత్తేజన శక్తి, అంటే అది వేడికి విడిపోవడానికి దాటాల్సిన శక్తి గడప, మోల్‌కు 213.47 కిలోజౌళ్లు. నేను శాంపిళ్లు పంపిన ప్రయోగశాల ఇచ్చిన నివేదిక మొదటి పేజీలోనే ఉంది. ఆ రెండు దశాంశ స్థానాలు చూసి ముచ్చటపడబోయి, అడుగున చిన్న అక్షరాలు చదివి ఆగిపోయాను. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున, ఒకే ఒక్కసారి వేడి చేసి తేల్చిన విలువ అది!

పేరు రాయను గాని, ఈ ప్రయోగశాల పాలిమర్లను వేడి చేస్తూ తూచి, వాటి ఉష్ణవియోగాన్ని (వేడికి విడిపోవడాన్ని) బరువు తగ్గుదలగా కొలిచి, గతిశాస్త్ర విలువలు (ఆ చర్య వేగాన్ని చెప్పే అంకెలు) కూడా తీసి ఇస్తుంది. కొలతకు నేను వంక పెట్టలేను. శాంపిల్ 3 మిల్లీగ్రాములు దాటనివ్వలేదు. ఎక్కువ వేస్తే లోపలి పదార్థం ఆలస్యంగా వేడెక్కి బరువు తగ్గుదల రేఖ పక్కకు జరుగుతుంది. ఎంత బరువు పోవాలో ముందే తెలిసిన కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్‌తో చేసిన తనిఖీ కూడా జతచేశారు. మొదటి మెట్టులో నీటి రూపంలో 12.3 శాతం బరువు పోవాలి, వాళ్లకు 12.2 వచ్చింది. ఇంతకన్నా ఏమి కావాలి?

చిక్కంతా లెక్కలోనే. ఒక్క రేఖ నుంచే శక్తిని తీసే కోట్స్-రెడ్‌ఫెర్న్ పద్ధతిలో, ప్రథమ క్రమాంక చర్య (మిగిలిన పదార్థాన్ని బట్టే వేగం ఉండే చర్య) అనుకుని సరళరేఖ గీశారు. నేను ముడి డేటా తెప్పించుకుని, అదే బరువు తగ్గుదల రేఖకు అవ్రామి నమూనా (చర్య అక్కడక్కడా మొదలై వ్యాపిస్తుందనే మరో ఊహ) పెట్టి చూశాను. సహసంబంధ గుణకం (సరళరేఖ ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె) రెండింటికీ 0.99 పైనే ఉంది, శక్తి మాత్రం దాదాపు సగమైంది. శక్తితో పాటే లెక్కలో వచ్చే పౌనఃపున్య గుణకం కూడా దానికి తగ్గట్టు బుద్ధిగా సర్దుకుంది. ఏ నమూనా నిజమో ఒక్క రేఖ చెప్పలేదు. వేర్వేరు రేట్లలో వేడి చేసిన రేఖలను కలిపి చూసే దారిని పరిశోధకులు ఫ్రీడ్‌మన్ 1964లో, ఒజావా 1965లో చూపించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదేనా అని కాస్త ఘాటుగానే ఉత్తరం రాశాను.

వాళ్లు వాదించలేదు. నిమిషానికి 2.5, 5, 10, 20 డిగ్రీల రేట్లలో మళ్లీ కొలిచారు, అదనపు రుసుము అడగలేదు. పాలిస్టైరీన్ శక్తి వియోగం మొదటి నుంచి చివరిదాకా 200 దరిదాపుల్లో నిలకడగా వచ్చింది.

పీవీసీ కథ వేరు. అందులోంచి ముందు హైడ్రోజన్ క్లోరైడ్ పోతుంది, సిద్ధాంతం ప్రకారం బరువులో 58 శాతం. మిగిలిన గొలుసు ఆ తర్వాత ఇంకా పై ఉష్ణోగ్రతల్లో విరుగుతుంది. పాత నివేదికలో ఈ రెండింటికీ కలిపి ఒకే అంకె అంటగట్టారు. కొత్తదానిలో వియోగం సాగేకొద్దీ శక్తి ఎలా మారుతోందో గ్రాఫు గీసి, మెట్లు విడదీశారు. అన్నట్టు, ఆ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు తూకపు యంత్రం భాగాలను తినేస్తుందని పీవీసీ పేరెత్తితేనే ముఖం చిట్లించేవాళ్లున్నారు. వీళ్లు మారుమాట లేకుండా తీసుకున్నారు.

కొలతకు అయిదు నక్షత్రాలు, మొదటి నివేదికకు రెండు. తర్వాతి శాంపిళ్లు కూడా వీళ్లకే పంపుతున్నాను. ఈసారి దరఖాస్తులోనే "నాలుగు రేట్లు, ముడి డేటాతో సహా" అని ఎర్ర సిరాతో రాసి పెట్టాను.