ఎర్ర మారుతి 800కి రంగు తిరిగొచ్చింది, టాప్‌కి తప్ప

ముందే చెప్పేస్తా. మా 1998 మోడల్ ఎర్ర మారుతి 800 రంగు తిరిగొచ్చింది, రెండేళ్లు దాటినా నిలబడింది. టాప్ ఒక్కటే మొండికేసింది. వాడినవి మూడే: 3ఎమ్ రబ్బింగ్ కాంపౌండ్ (పాడైన పై పొరని అరగదీసే గరుకు పేస్ట్), మెగ్వయర్స్ నంబర్ 7 గ్లేజ్ (మెరుపునిచ్చే నూనె పాలిష్), పైన కార్నౌబా వ్యాక్స్ (కాపలాకి వేసే మైనం).

విజయవాడ ఎండలో, పైన రేకు కూడా లేని చోట ఏళ్ల తరబడి ఉన్న బండి ఇది. ఎరుపు వెలిసి గులాబీ రంగులోకి దిగింది. బానెట్ మీద వేలు రాస్తే సుద్దపొడిలా అంటుకునేది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పెయింట్‌లో రంగుని పట్టి ఉంచే రెజిన్‌ని దెబ్బతీస్తాయి, పట్టు తప్పిన రంగు రేణువులే ఆ పొడి. ఎరుపుకి ఈ తిప్పలు మరీ ఎక్కువ. షెడ్డులో అడిగితే మొత్తం రీపెయింట్ కొట్టించమన్నారు. వాళ్ల బేరం వాళ్లది.

మీరు ఏదైనా కొనేముందు ఒక పరీక్ష చేయండి. తెల్ల బనియన్ గుడ్డకి కాస్త కాంపౌండ్ రాసి, కనపడని మూల రుద్దాలి. గుడ్డకి బండి రంగు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింట్, అంటే రంగు మీద వేరే పొర లేనిది. మా బండికి గుడ్డంతా ఎర్రబడింది. రంగు అంటకపోతే పైన క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఉన్నట్టు. అది మసకబారితే పాలిష్‌కి లొంగుతుంది కానీ, పొరలుగా లేచిపోతే ఏ డబ్బా కొన్నా దండగే. మా వీధిలో ఒకతను సిల్వర్ కారు టాప్ చూపించి, "అన్నా, ఆ పాలిష్ ఒకసారి ఇస్తావా?" అన్నాడు. అప్పటికే క్లియర్ కోట్ అంచులు గోటితో గీకితే ఊడొస్తున్నాయి. "దీనికి పెయింటింగే తమ్ముడూ, చేతులు నొప్పి పెట్టుకోకు" అన్నా.

మొదట నంబర్ 7 దట్టంగా పట్టించి రాత్రంతా వదిలేశా. ఇందులో గరుకు ఉండదు, నూనెలు ఎక్కువ. ఎండిపోయిన పాత పెయింట్‌కి ఆ నూనె బాగా పడుతుంది. మర్నాడు తుడిస్తే కొంత ఎరుపు అప్పుడే తేలింది. ఆ తర్వాత బానెట్ మధ్యలో మాస్కింగ్ టేప్ అంటించి, ఒక పక్కే కాంపౌండ్ పెట్టి చేత్తో రుద్దా. టేప్ పీకితే ఇటు కొత్త బండి ఎరుపు, అటు గులాబీ, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత! ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించా. రెండో సగం పూర్తయ్యేసరికి భుజాలు పోయాయనుకోండి.

పని నీడలోనే చేయాలి, బండి రేకు చల్లగా ఉండాలి. బానెట్ అంచులు, డోర్ గీతల మీద పెయింట్ పల్చగా ఉంటుంది, అక్కడ గట్టిగా రుద్దితే రంగు అడుగున ఉండే ప్రైమర్ పూత తేలుతుంది. నల్ల బంపర్లకి ముందే టేప్ వేయండి. కాంపౌండ్ ఎండి తెల్లబడితే ఆ ప్లాస్టిక్ మీంచి వదలదు.

ఇక రెండేళ్ల సంగతి. గ్లేజ్ మెరుపునిస్తుంది తప్ప కాపలా కాయదు, పైన వ్యాక్స్ తప్పనిసరి. ఆ వ్యాక్స్ కూడా మన ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ రోజులు ఆగదు. చెంబుడు నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలబడకుండా పరుచుకుంటున్నాయంటే వ్యాక్స్ అయిపోయినట్టే. ఎండాకాలంలో నేను రెండు నెలలకోసారి వేస్తున్నా. బోరు నీళ్లతో కడిగితే ఆరకముందే తుడిచేయాలి, లేకపోతే తెల్ల మరకలు కూర్చుంటాయి. దుమ్ము పట్టిన బండి మీద కవర్ కప్పితే గాలికి కదిలి గీతలు పడతాయి, కడిగాకే కప్పుతున్నా.

కాంపౌండ్ మళ్లీ ముట్టుకోలేదు. కంపెనీ పెయింట్ మొత్తం మందమే సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు). రుద్దిన ప్రతిసారీ అందులోంచే పోతుంది.

టాప్ మధ్యలో ప్రైమర్ బూడిద రంగులో బయటపడింది, లేని రంగుని పాలిష్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ ఒక్కటీ షెడ్డుకి ఇస్తున్నా. మీరూ ఇలా ఒక భాగానికే పెయింట్ వేయించాలనుకుంటే, మిగతా బండికి ముందే పాలిష్ పట్టండి. వెలిసిన డోర్ చూసి కలిపిన రంగు, ఆ డోర్ మెరిశాక దానికి సరిపోదు.