టార్చిలైట్ కొనేవాళ్ళు జాగ్రత్త: బ్యాటరీ మీద ఉన్న అంకె నమ్మకండి

ఇప్పుడే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ నుంచి ఇంటికి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. వానలు మొదలయ్యాయి కదా, ఈ వారంలోనే ఎవరో ఒకరు ఇదే టార్చి కొంటారని భయంగా ఉంది.

మేముండేది వేళచ్చేరిలో. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి ఇక్కడ ఎలా ఉండిందో మీకు చెప్పక్కర్లేదు. మూడు రోజులు కరెంటు లేక కొవ్వొత్తులతో గడిపాం. ఈసారి అలా కాకూడదని పోయిన నెల ఛార్జింగ్ టార్చి కొందామని వెళ్ళాను. షాపు పేరు రాయను. ఆ సందుల్లో ఇలాంటి సరుకు ఒక్క చోటే ఉండదు కాబట్టి పేరు చెప్పినా మీకు పెద్దగా ఉపయోగం లేదు.

నేను ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే షాపతను విని, "అక్కా, మీరు నెల్లూరోళ్ళా? మాది తిరుపతి పక్కనే" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా మనసు మెత్తబడింది. స్టూలు వేసి కూర్చోబెట్టాడు, టీ తెప్పిస్తానన్నాడు. టార్చి వెనక మూత విప్పి సెల్ బయటికి తీసి చూపించాడు. దాని మీద 18650 (సెల్ సైజు) అనీ, 6800 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) అనీ పెద్ద అక్షరాలతో ఉంది. "ఫుల్ లైటులో మూడు గంటలు గ్యారంటీ అక్కా. మనవాళ్ళకి తప్పుడు సరుకు ఇస్తానా?" అన్నాడు. బిల్లుతో అయితే 1,000, బిల్లు వద్దంటే 850 అన్నాడు. 150 రూపాయల కోసం బిల్లు వద్దన్నాను. ఆ తప్పు నాదే.

ఇంటికి వచ్చి ఛార్జింగ్ పెడితే గంటలో పచ్చ లైటు వచ్చేసింది. ఎంత త్వరగా ఎక్కిందో అని సంతోషపడ్డాను. అప్పుడే అనుమానం రావాల్సింది. 1 ఆంపియర్ ఛార్జర్‌తో 6800 నిండాలంటే ఏడు గంటలకు తగ్గదు.

మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది. అత్తయ్య బాత్రూమ్‌కని లేచి టార్చి పట్టుకుని వెళ్ళారు. ఆవిడకి 71 ఏళ్ళు. అంతకుముందు వంటింట్లో నేను పదిహేను నిమిషాలు వాడానేమో, అంతే. తిరిగి వస్తుంటే లైటు మసకబారి ఆరిపోయింది. చీకట్లో గడప తగిలి పడ్డారు. మణికట్టు దగ్గర చిన్న క్రాక్ వచ్చింది, కట్టు వేశారు. కుడిచెయ్యి. అన్నం కలుపుకోలేక నా చేత తినిపించుకుంటూ, "నీకు శ్రమ ఇస్తున్నానమ్మా" అంటున్నారు. ఆ మాట వింటుంటే నాకు గొంతు దాటి ముద్ద దిగడం లేదు.

నిన్న తమ్ముడు వచ్చి సెల్ బయటికి తీశాడు. వంటింట్లో పిండి తూచుకునే చిన్న కాటా మీద పెడితే 28 గ్రాములు. వాడి టార్చిలో ఉన్న మంచి కంపెనీ సెల్, అదే సైజుది, 46 గ్రాములు. కెపాసిటీ చూపించే ఛార్జర్ వాడి దగ్గర ఉంది. అందులో పెడితే నా సెల్ 740 దగ్గర ఆగింది. పేరున్న కంపెనీలు ఈ సైజులో చేసే మంచి సెల్స్ చాలావరకు 3500 చుట్టూనే ఉంటాయట. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గొట్టంలో 6800 పట్టదు. అంటే ఆ అంకె వేసినప్పుడే అది అబద్ధం.

ఇవాళ టార్చి పట్టుకుని షాపుకి వెళ్ళాను. అదే మనిషి, అదే స్టూలు. "అన్నా, పోయిన నెల నీ దగ్గరే కొన్నాను" అని మొదలుపెట్టాను. నా ముఖం చూసి గుర్తుపట్టాడు, కళ్ళలో తెలిసింది. తల పక్కకి తిప్పుకుని తమిళంలో "ఎన్నమ్మా వేణుం?" (ఏం కావాలమ్మా?) అన్నాడు. నేను మళ్ళీ తెలుగులోనే చెప్పాను, అత్తయ్య పడిన సంగతి కూడా చెప్పాను. "తెలుగు తెరియాదు" (తెలుగు రాదు) అన్నాడు.

నన్ను అక్కా అని పిలిచిన మనిషి. నా ఊరు అడిగి, తన ఊరు చెప్పిన మనిషి. అంతమంది ముందు తనకి తెలుగే రాదన్నాడు. నాకొచ్చిన తమిళంలో మళ్ళీ చెప్పాను. "బ్యాటరీక్కు గ్యారంటీ ఇల్ల, బిల్ ఎంగే?" (బ్యాటరీకి గ్యారంటీ లేదు, బిల్లు ఎక్కడ?) అని, పక్కనున్న గిరాకీ వైపు తిరిగిపోయాడు. అక్కడే ఐదు నిమిషాలు నిలబడ్డాను. మళ్ళీ నా వైపు చూడలేదు. 850 పోయిందని కాదు నా బాధ. నమ్మించడానికి వాడిన భాషనే తప్పించుకోవడానికి రాదన్నాడు, అది తట్టుకోలేకపోతున్నాను.

మీరు కొనేటప్పుడు సెల్ బయటికి తీయించి తూకం వేయించండి. ఈ సైజు సెల్ 45 గ్రాములకు బాగా తక్కువుంటే వద్దనండి. 4000 కన్నా బాగా ఎక్కువ రాసుంటే అక్కడి నుంచి వచ్చేయండి. సెల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూడండి. ఎంత తగ్గిస్తానన్నా బిల్లు వదలకండి. ఇలాంటి సెల్‌ని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పడుకోకండి, వేడెక్కితే వెంటనే తీసేయండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను. బిల్లు లేదు కానీ డబ్బు ఫోన్‌లోనే కట్టాను, ఆ మెసేజ్ ఉంది. సెల్ రెండు చివరలకీ టేపు చుట్టి అత్తయ్యకి కనపడకుండా బీరువా మీద పెట్టాను. చెత్తబుట్టలో మాత్రం వేయను, ఫిర్యాదుకి అదొక్కటే నా సాక్ష్యం.