రాట్‌వైలర్ కొనబోతున్నారా? తల్లిని చూపించనివారికి అడ్వాన్సు పంపకండి

ఫోనులో ఫోటోలు చూసి రాట్‌వైలర్ జాతి కుక్కపిల్లకు బేరం కుదుర్చుకుంటున్నవారు డబ్బు పంపేముందు ఒక్కసారి ఆగి ఇది చదవండి. మాకు పిల్లను అమ్మిన వ్యక్తి పేరు రాయడం లేదు. పేరూ నంబరూ మార్చుకుని అతను రేపు ఇంకో ప్రకటన ఇవ్వగలడు. మాటలు మాత్రం అవే ఉంటాయి. అందుకే ఆ మాటలే చెబుతాను.

ప్రకటన ఇలా ఉంది: రెండు నెలల మగపిల్ల, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) ఇచ్చే వంశం పేపర్లు ఉన్నాయి, రెండు టీకాలు పూర్తి, పుట్టుకతోనే కాపలా కుక్క, ట్రైనింగ్ అక్కర్లేదు. ధర పాతికవేలు. తల్లిని చూడాలంటే వీడియో పంపాడు. ఇంటికే వస్తామంటే, "ఈనిన కుక్క సార్, కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు" అన్నాడు. వినగానే ఎవరికైనా నిజమే కదా అనిపించే మాట అది. పైగా తొందర పెట్టడం. 23 రకాల కుక్కల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలని కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో రాట్‌వైలర్ కూడా ఉంది. ఆ వార్త చూపించి, "నిషేధం వచ్చేస్తోంది, ఇప్పుడు తీసుకోకపోతే ఇక దొరకదు" అన్నాడు. ఆ ఆదేశాన్ని కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లోనే కొట్టివేసిందన్న సంగతి మాత్రం చెప్పలేదు. చివరికి పిల్లను జాతీయ రహదారి పక్కన టీ దుకాణం దగ్గర, అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చి వెళ్లిపోయాడు. పేపర్లు పోస్టులో వస్తాయన్నాడు. నేటికీ రాలేదు.

మర్నాడు ఉదయం వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి రక్త విరేచనాలు. పశువైద్యురాలు పిల్ల నోరు తెరిచి మాకు చూపించారు. ముందుపళ్లు, కోరలు వచ్చి ఉన్నాయి. వెనక పళ్లు అప్పుడప్పుడే చిగురు చీల్చుకుని తెల్లగా కనబడుతున్నాయి. ఎనిమిది వారాలు నిండిన పిల్లకు 28 పాలపళ్లూ వచ్చేసి ఉంటాయి. "దీనికి అయిదు వారాలు ఉంటాయేమో, అంతే" అన్నారావిడ. తర్వాత టీకా పుస్తకం అడిగి తీసుకున్నారు. టీకా వేసినప్పుడు సీసా మీది చిన్న స్టిక్కరును తీసి పుస్తకంలో అతికిస్తారు, పక్కన డాక్టరు సంతకం, ముద్ర ఉంటాయి. మా పుస్తకంలో స్టిక్కరు అతికించాల్సిన గడులు ఖాళీ. పెన్నుతో రాసిన రెండు తేదీలు, ఒక గిలుకుడు, అంతే. మొదటి తేదీని బట్టి లెక్కవేస్తే అప్పటికి పిల్ల వయసు రెండు వారాలు. ఆ వయసులో కళ్లు కూడా సరిగా తెరుచుకోవు, టీకా ఎవరు వేస్తారు?

పరీక్షలో పార్వో అని తేలింది, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే ప్రాణాంతక వైరస్ జబ్బు అది. ఈ వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక్క రాత్రిలో మా ఇంట్లో అంటుకున్నది కాదు, అమ్మినవాడి దగ్గర నుంచే వచ్చింది. ఫోను చేసి అడిగితే, "సగం డబ్బు వేయండి, ఇంకో పిల్లనిస్తాను" అన్నాడు. ఇలాంటి మాటకు ఎవరూ ఒప్పుకోకండి. పార్వో వైరస్ ఇంట్లో, పెరటి మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. టీకాలు పూర్తికాని రెండో పిల్లను ఆ ఇంటికి తేవడమంటే దాన్నీ చావుకు అప్పగించడమే. మా వాడు రోజుల తరబడి సెలైన్ల మీద ఉండి బతికాడు. వైద్యం ఖర్చు వాడి ధరను దాటిపోయింది. డబ్బు సంగతి అటుంచండి, ఆ వయసు పిల్లను సూదులతో బల్ల మీద పడుకోబెట్టి చూడటం ఎవరికీ రాకూడదు.

అసలు నష్టం తర్వాత తెలిసింది. కుక్కపిల్ల లోకాన్ని చూసి భయం పోగొట్టుకునే వయసు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకే. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. మా వాడిని ఆ పాఠం మధ్యలోనే తల్లి దగ్గర నుంచి లాగేశారు. మిగిలిన రోజులు జబ్బులో, ఎవరినీ కలవకుండా గడిచాయి. ఏడాది నిండకముందే వీధిలో ఎవరైనా గొడుగు తెరిచినా మీదికి ఉరికేవాడు. చూసినవాళ్లు "అబ్బ, మంచి కాపలా కుక్క" అన్నారు. దగ్గరగా చూస్తే అది కాపలా కాదు. చెవులు వెనక్కి వాల్చి, బరువంతా వెనక కాళ్ల మీద మోపి, మొరుగుతూ మొరుగుతూ వెనక్కి జరుగుతాడు. భయం. నలభై కిలోలు దాటిన భయం. ఒకసారి పాలవాడి సైకిలు చూసి లాగిన లాగుడుకు మా ఆవిడ మణికట్టు బెణికింది. చేతికర్రతో నడిచే మా నాన్నగారు వరండాలోకి రావడం మానేశారు.

ఈ జాతిని నేను నిందించను. జర్మనీలోని రాట్‌వైల్ పట్టణం పేరు మీద వచ్చిన కుక్క ఇది. పశువుల మందలను తోలడం, కసాయివాళ్ల బండ్లు లాగడం దీని వృత్తి. 1910లో అక్కడ పోలీసు కుక్కగా గుర్తింపు పొందింది. పని చెబితే ప్రాణం పెట్టే తెలివైన జంతువు. పనిలేకుండా గేటు దగ్గర గొలుసుకు కట్టేస్తే ఆ బలమంతా చిరాకుగా మారుతుంది. మగది 50 కిలోలు తూగుతుంది. అందుకే కొనేముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్క విషయం తేల్చుకోండి: మీరు ఊళ్లో లేని రోజున దీని గొలుసు ఎవరు పట్టుకుంటారు? పట్టుకోగలవారు ఒక్కరే ఉంటే ఈ కుక్క మీకు సరిపడదు. ఇంటి వైశాల్యం రెండో మాట. రోజూ పొద్దున, సాయంత్రం కలిపి రెండు గంటలు దీనికోసం కేటాయించగలవారు చిన్న ఇంట్లోనూ పెంచగలరు. పెద్ద ఆవరణ ఉండి తీరిక లేనివారు పెంచలేరు. పసిపిల్లలున్న ఇల్లయితే నా సలహా, కొన్నేళ్లు ఆగండి.

ఇంకో రకం మనుషుల గురించి కూడా చెప్పాలి. చేతికి గోనెసంచి చుట్టుకుని కుక్కను రెచ్చగొట్టి "కాపలా శిక్షణ" అంటారు. భయపడే కుక్కకు కరవడం నేర్పుతున్నారన్నమాట. అలాంటివారిని గేటు దాటి రానివ్వకండి. మాకు పనికొచ్చినది తిండి ఆశ చూపి, దూరం నుంచి మెల్లగా మనుషులను, వాహనాలను అలవాటు చేసిన శిక్షకుడు. మూతికి చిక్కం వేయడం కూడా ఆయనే ఓపికగా నేర్పారు.

కాకేసియన్ షెపర్డ్, టిబెటన్ మాస్టిఫ్ పిల్లలను కూడా మన ఊళ్లలో అమ్ముతున్నారు. కొండల్లో, మంచులో మందలను కాచే కుక్కలవి, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. మే నెల విజయవాడలో వాటిని పెంచడం హింస. ఏసీ పెడతామన్నా సరే, కొనకండి. రాట్‌వైలర్‌దీ నల్లటి ఒళ్లే, ఎండాకాలంలో తెల్లవారకముందే నడిపించి తీసుకురావాలి.

కుక్క ఎవరినైనా గాయపరిస్తే "దానికి తెలియదు కదా" అంటే చెల్లదు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కరవనవసరం కూడా లేదు. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో తిండి పొట్లం అందించడానికి వచ్చిన యువకుడు, పెంపుడు కుక్క మీదికి రావడంతో పరుగెత్తి మూడో అంతస్తు నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇన్ని తెలిశాక కూడా కావాలనుకుంటే, పుట్టిన చోటికే వెళ్లి పిల్లను చూడండి. తల్లి మీ ముందు ఎలా ప్రవర్తిస్తుందో గమనించండి. రేపు మీ కుక్క ఎలా ఉంటుందో సగం అక్కడే తెలుస్తుంది. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ నమోదు పత్రం చూపించమనండి. కేసీఐ నమోదు చేయించాల్సింది పెంపకందారే, కాబట్టి "పేపర్లతో ఒక ధర, లేకుండా ఒక ధర" అంటే అనుమానించండి. అయినా ఆ కాగితం వంశం గురించి చెబుతుంది తప్ప ఆరోగ్యం గురించి, గుణం గురించి కాదు. ఈ జాతిలో తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. తల్లిదండ్రులకు తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. డబ్బు చెల్లించేముందు మీకు నమ్మకమైన పశువైద్యుడి చేత పళ్లు, మలం, టీకా పుస్తకం పరీక్ష చేయించండి. ఒప్పుకోని అమ్మకందారుతో బేరం వద్దు.

ఇప్పటికే ఇలా మోసపోయినవారుంటే ప్రకటన, మాట్లాడుకున్న సందేశాలు, డబ్బు పంపిన రసీదు, డాక్టరు రాసిన చీటీలు ఏవీ పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. వయసు గురించి మా డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేసి మేమూ వేశాం.