మార్స్ రోవర్ల రా ఇమేజ్‌లు: చాలా ఏళ్లు చూశాక నా సమీక్ష

అంగారకుడి మీది రోవర్లు పంపే ఫొటోలను, శాస్త్రవేత్తలు మెరుగులు దిద్దకముందే, ‘రా ఇమేజ్‌లు’గా నాసా (అమెరికా అంతరిక్ష సంస్థ) అందరికీ ఉచితంగా పెడుతుంది. చాలా ఏళ్లుగా వాటిని చూస్తున్నాను. గ్రహ శాస్త్రవేత్తల పని రోజురోజుకీ ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల శాస్త్ర బృందానికి అప్పట్లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా ఉన్న స్టీవ్ స్క్వైర్స్ నాయకుడు. ఎన్నో ప్రతిపాదనలు తిరస్కరణకు గురయ్యాక ఆయనకు దక్కిన మిషన్ అది. అయినా తమ పరిశోధనా పత్రాలు అచ్చయ్యేదాకా ఫొటోలు దాచుకోలేదు. భూమికి చేరిన కొద్దిసేపటికే బయట పెట్టేశారు. అందుకు ఆ బృందానికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

నేను ఎక్కువగా తిరిగి చూసేది స్పిరిట్ ఫొటోలు. 2006లో దాని ముందు కుడి చక్రం ఆగిపోయింది. అప్పట్నుంచి రోవర్‌ని వెనక్కి నడుపుతూ, తిరగని చక్రాన్ని ఈడ్చుకెళ్లారు. చక్రం గీసుకుపోయిన చోట మట్టి లేచి చాలు పడింది. 2007లో ఒకచోట ఆ చాలులో తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే దాదాపు 90 శాతం సిలికా (ఇసుకలో ఉండే పదార్థం)! ఒకప్పుడు అక్కడ వేడినీళ్లో, ఆవిరో ఉండేవనడానికి అది గట్టి ఆధారం. ఆ చాలు రోజుకింత పొడవు పెరగడం ఫొటోల్లో వరసగా చూడొచ్చు.

రంగుల దగ్గర మాత్రం జాగ్రత్త. స్పిరిట్, ఆపర్చునిటీల పాన్‌క్యామ్ అనే కెమెరా ఒక్కో రంగు ఫిల్టర్‌తో తీసేది బ్లాక్ అండ్ వైట్ ఫొటోనే. మూడు ఫిల్టర్ల ఫొటోలు కలిపితే రంగు వస్తుంది కానీ, రా ఇమేజ్‌లలో ఒక్కోదాని వెలుగు విడివిడిగా సర్దేసి ఉంటుంది కాబట్టి అసలు రంగు రాదు. నిజమైన రంగు కావాలంటే, కొన్ని నెలల తర్వాత ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో (నాసా డేటా భండారం) వచ్చే డేటా వాడాలి. తర్వాత వెళ్లిన క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్ల ప్రధాన కెమెరాలు మామూలుగా రంగుల్లోనే తీస్తాయి. కొత్తవాళ్లకు అవే సులువు.

ఇంకోటి. సుమారు 26 నెలలకోసారి సూర్యుడు మనకూ మార్స్‌కీ మధ్యకు వస్తాడు. అప్పుడు సిగ్నళ్లు సరిగా అందవు కాబట్టి రెండు వారాలపాటు కొత్త ఫొటోలు దాదాపు ఉండవు. సైట్ పాడైందని టెన్షన్ పడొద్దు.

సైన్స్ టీచర్లు తప్పక వాడాలని నా కోరిక. అన్నీ ఒకేసారి తెరవకుండా ఒక రోవర్, ఒక నెల ఎంచుకుని వరసగా చూపించండి. స్పిరిట్‌తో మొదలుపెడితే 2007 మే నెల తీసుకోండి.